పట్టుకారు మొదలు యంత్రబాహువు వఱకు



మా తండ్రిగారు కొలిమి పని చేసి మమ్ములను పెంచినవారు. చిన్ననాఁడు నేను తిత్తి యొద్ద కూర్చుండి వారి పని చూచుచుండెడివాఁడను. ఎఱ్ఱగా కాలిన నాగటికఱ్ఱును ఎడమచేత పట్టుకారుతో పట్టి, దాగలిపై నుంచి, కుడిచేత సుత్తె దెబ్బలు వేయుచు, నడుమ నడుమ దానిని త్రిప్పుచుందురు. ఒకనాఁడు నేనును ఆ పట్టుకారును పట్టి చూచితిని. ఇనుము జారి నేలఁబడినది. తండ్రిగారు నవ్వి, "పట్టుకారును పట్టుకుంటే చాలదురా, దాని గుండా ఇనుమును పట్టుకోవాలి" అనిరి. ఆ మాట యర్థము నాకు యంత్రశాస్త్రము చదివి, దానిని ఇతరులకు బోధించు వృత్తిలో ప్రవేశించిన పిమ్మటగాని బోధపడలేదు.

నేఁడు నేను మీతో ముచ్చటింపఁదలఁచిన విషయము యంత్రబాహువులు. రోబో చేతులని పత్రికలలో వ్రాయుచున్నారు. సైన్యములలో బాంబులను తొలగించుటకును, ఆసుపత్రులలో శస్త్రచికిత్స చేయుటకును ఇవి వాడుకలోనికి వచ్చినవి. ఇవి మీ యూళ్ళకు దూరపు సంగతులని తలంపవలదు. మీలో ననేకులు రేపో మాపో పట్టణపు ఆసుపత్రిలో "మామూలు ఆపరేషను చేయుదుమా, రోబోతో చేయుదుమా" అను ప్రశ్న వినవలసివచ్చును. అప్పుడు చెప్పఁదగిన సమాధానము కొఱకే ఈ ప్రసంగము.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న లాభము లేదని మన సామెత. ఆకులను ముందే పట్టుకొనుటకు మనుష్యుఁడు కనిపెట్టిన యుపాయమే పట్టుకారు. అపాయము ఆవలి కొనయందు, చేయి ఈవలి కొనయందు. యంత్రబాహువు పుట్టుకయు ఇట్టిదే.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున అణుశక్తి పరిశోధనము సాగినప్పుడు, కొలిమి వేఁడికంటె దారుణమైన యొక వేఁడి మనుష్యుని యెదుట నిలిచినది. రేడియోధార్మిక పదార్థములు కంటికి కనఁబడని కిరణములచే సమీపించినవారి దేహమును చెఱచును. వానిని చేతితో తాఁకరాదు. కాని కలుపవలెను, తూఁచవలెను, సీసాలలో పోయవలెను. అమెరికాలో చికాగో నగర సమీపమునఁగల ఆర్గోన్ జాతీయ ప్రయోగశాలలో రేమండ్ గోర్ట్జ్ అను ఇంజనీరు 1940ల చివరి సంవత్సరములలో ఇందుకొక సాధనమును నిర్మించెను. దళసరి గోడకు ఆవల పదార్థము, ఈవల మనుష్యుఁడు, నడుమ సీసము కలిపిన గాజు కిటికీ. ఈవలివాఁడు పిడిని పట్టి ఎట్లు త్రిప్పిన, ఆవలి ఇనుపచేయి అట్లే తిరుగును. ఆవలి చేయి దేనినైన తాఁకినచో ఆ యొత్తిడి ఈవలి చేతికి తెలియును. 1954లో ఆయన ఈ రెండు చేతులను విద్యుత్తుతో కలిపెను. అప్పుడును ఆ స్పర్శజ్ఞానమును పోనీయలేదు. మా తండ్రిగారు చెప్పిన మాటయే ఇది. మన దేశమునను ట్రాంబేలోని భాభా అణు పరిశోధనా కేంద్రమువారు ఇట్టి చేతులను తామే నిర్మించుకొనిరి.

1961లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున నొక మోటారుకార్ల సంస్థ కర్మాగారములో యూనిమేట్ అను వేఱొక జాతి బాహువు పనిలో ప్రవేశించినది. ఇది ఒకమాఱు నేర్పిన పనిని మనుష్యుని సాయము లేకయే మరల మరల చేయును. గోర్ట్జ్ నిర్మించిన చేయి మనుష్యుని వెంట నడచునది. యూనిమేట్ నేర్పిన పాఠమును వల్లించునది. ఈ భేదమును దయచేసి గుఱుతుంచుకొనుఁడు. సైనిక బాంబు యంత్రములును, ఆసుపత్రులలో నేఁడు మృదువైన అవయవములపై వాడు యంత్రములును మొదటి జాతివి.

బాహువు నిర్మాణమును తెలిసికొనుటకు గ్రంథము లక్కఱలేదు. మీ చేయియే చాలును. అరచేతిని బల్లపై నుంచి, దానిని కదల్పకయే మోచేతిని పైకిని క్రిందికిని ఆడింపుఁడు. ఆడుచున్నది కదా! ఒక వస్తువును ఏ తావుననైనను ఏ వాలుననైనను పట్టుటకు ఆఱు విధముల కదలిక చాలును. మనకు భుజమున మూఁడు, మోచేత నొకటి, ముంజేతి మెలిక యొకటి, మణికట్టున రెండు, వెరసి ఏడు కలవు. అధికముగా నున్న ఆ యొక్క కదలిక వలననే మనము మూలలలోనికి చేయి దూర్చఁగలుగుచున్నాము. యంత్రబాహువున నొక్కొక్క కీలునకు నొక విద్యుత్ మోటారును, అది ఎంత తిరిగినదో కొలుచు నొక సాధనమును నుండును. కంప్యూటరు ఆ కొలతలను సెకనునకు అనేక పర్యాయములు చూచి, చెప్పిన తావునకు చేయి చేరినదా లేదా యని సరిచూచుచుండును. కండ మోటారు, నరము తీఁగె యని గ్రహించినచో చాలును.

ఇఁక సైన్యమున దీని యుపయోగము. 1970ల ప్రారంభమున ఉత్తర ఐర్లండులో కారులయందు బాంబులుంచుట హెచ్చినది. వానిని తొలగింపఁబోయిన సైనికులు కొందఱు ప్రాణములు కోల్పోయిరి. 1972లో పీటర్ మిల్లర్ అను బ్రిటిష్ సైనికోద్యోగి తోటపనికి వాడు విద్యుత్ తోపుడుబండి చట్రమును తీసికొని, దానిని దూరమునుండి నడుపునట్లు చేసి, అనుమానాస్పదమైన కారునకు కొక్కెము తగిలించి ఈడ్చుటకు వినియోగించెను. అందువలననే ఆ యంత్రమునకు వీల్‌బ్యారో, అనఁగా తోపుడుబండి, యను పేరు నిలిచినది. తరువాత దానికి కెమెరా, బాహువు, మిక్కిలి వేగముతో నీటిని చిమ్మి బాంబు భాగములను చెదరఁగొట్టు గొట్టము అమర్చిరి.

మన దేశమున రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థవారి పుణె ప్రయోగశాల "దక్ష్" అను యంత్రమును నిర్మించినది. దక్షుఁడనఁగా సమర్థుఁడు. అది మెట్లెక్కును, బాహువుతో మూటను ఎత్తును, ఎక్స్-రేతో లోపల నేమున్నదో చూపును. నడుపువాఁడు అర కిలోమీటరు దూరమున నుండవచ్చును. 2011లో ఇవి మన సైన్యమున చేరినవి. ఒక యంత్రము ప్రేలి ముక్కలైనను మఱియొకటి తేవచ్చును. ఒక యింటి బిడ్డకు బదులు మఱియొకనిని తేఁజాలము. ఇంతకంటె ఈ యంత్రమునకు వేఱు ప్రశంస అక్కఱలేదు.

కాని ఇందొక చీఁకటి పుటయు కలదు. దానిని దాఁచుట న్యాయము కాదు. 2016 జూలైలో అమెరికాలోని డాలస్ నగరమున నొక సాయుధుఁడు ఐదుగురు పోలీసులను కాల్చి చంపి, ఒక భవనమున దాఁగెను. సంప్రదింపులు ఫలింపకపోఁగా, పోలీసులు బాంబులు తొలగించు యంత్రపు బాహువుననే ప్రేలుడు పదార్థ ముంచి, వానియొద్దకు పంపి ప్రేల్చిరి, వాఁడు మరణించెను. వారు చేసినది తగునా తగదా యని ఆ దేశమున గొప్ప చర్చ జరిగినది. తీర్పు చెప్పుట నా పని కాదు. బాంబును తీసివేయుటకు పుట్టిన చేయియే బాంబును మోసికొనిపోయినదని మాత్రము చెప్పుచున్నాను. పట్టుకారునకు ధర్మాధర్మములు లేవు. ఇక్కడ పంపుఁడని యాజ్ఞ యిచ్చినవారు మనుష్యులే. అందుచేతనే జవాబు అడుగుటకు మనుష్యులు దొరకిరి. ఎవరిని చంపవలెనో యంత్రమే నిర్ణయించు ఆయుధములు రాకూడదని అనేక దేశములవారు వాదించుచున్నది, ఈ జవాబు చెప్పువాఁడు మాయమగునను భయము చేతనే.

యుద్ధమునకై పుట్టిన విద్య వైద్యమునకు చేరుటయు కలదు. యుద్ధమున చేయి కోల్పోయిన సైనికులకు చిరకాలము దిక్కైనది, 1912లో అమెరికాలో పేటెంటు పొందిన చీలిన కొక్కెము వంటి సాధనమే. 2006లో అమెరికా రక్షణశాఖవారు మంచి కృత్రిమబాహువును నిర్మింపఁబూనిరి. డీన్ కామెన్ అను నిర్మాత సంస్థ తయారుచేసిన బాహువునకు 2014లో ప్రభుత్వానుమతి లభించినది. మిగిలిన చేతి కండరములలో పుట్టు సూక్ష్మమైన విద్యుత్సంకేతములను గ్రహించి అది పట్టును, విడుచును, త్రిప్పును.

ఇట్టి యుదాహరణము మన హైదరాబాదులోనే యొకటి కలదు. అది చేయి కాదు, కాలు. అబ్దుల్ కలాముగారు అక్కడి క్షిపణి ప్రయోగశాలలో పనిచేయుచున్న కాలమున, నిజాం వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యుఁడొకఁడు క్షిపణి కొఱకు చేసిన పదార్థమును చేతిలోనికి తీసికొని, దాని తేలికదనమునకు ఆశ్చర్యపడి, వారిని తన ఆసుపత్రికి తోడ్కొనిపోయెను. అక్కడ పిల్లలు మూఁడు కిలోగ్రాములకు మించిన లోహపు ఊఁతలు ధరించి కాళ్ళీడ్చుచుండిరి. కొలఁది వారములలో 300 గ్రాముల ఊఁతలు సిద్ధమైనవి. ఈ వృత్తాంతమును కలాముగారే పలుమాఱులు చెప్పిరి.

శస్త్రచికిత్సా బాహువుల చరిత్రయు సైన్యముతో ముడివడి యున్నది. 1985లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ నగరమున, కర్మాగారములలో వాడు ప్యూమా అను బాహువును, రోగి మెదడులోనికి సూదిని సరియైన దిక్కున నిలుపుటకు వాడిరి. పిమ్మట అమెరికా సైన్యమున వైద్యుఁడైన రిచర్డ్ సటావా మొదలగువారికొక ఊహ తోఁచినది. గాయపడిన సైనికుఁడు తఱుచుగా ఆసుపత్రి చేరులోపలనే రక్తము పోయి మరణించును. యుద్ధభూమి చెంత నొక బండిలో యంత్రబాహువులుంచి, వైద్యుఁడు క్షేమముగా దూరమునుండి వానిని నడపరాదా యని. ఎస్.ఆర్.ఐ. అను పరిశోధనాలయమున ఫిలిప్ గ్రీన్ బృందమువారు అట్టి బాహువులను చేసి చూపిరి.

కాని యుద్ధభూమిలో అది స్థిరపడలేదు. రోగిని మత్తులో నుంచుటకు మనుష్యుఁడు కావలెను. రక్తమెక్కించుటకు, గాయము శుభ్రపఱచుటకు, యంత్రమును అమర్చుటకు మనుష్యులు కావలెను. అంతమంది అచ్చట నుండఁగలిగినచో వైద్యుఁడును ఉండవచ్చును. కావున ఆ విద్య నగరములందలి ఆసుపత్రులకు తరలినది. దానిని ఆధారము చేసికొని వచ్చిన "డావించి" యంత్రమునకు 2000లో అమెరికాలో అనుమతి లభించినది. వైద్యుఁడు అదే గదిలో నొక పీఠమున కూర్చుండి, కెమెరాలో లోపలి భాగములను పెద్దవిగా చూచుచు, వ్రేళ్ళతో పిడులను కదల్చును. రోగి కడుపున చిన్న రంధ్రములద్వారా ప్రవేశించిన సన్నని పనిముట్లు అట్లే కదలును. వైద్యుని చేయి మూఁడు అంగుళములు కదలినచో లోపలి కొన ఒక్క యంగుళమే కదలునట్లు అమర్పవచ్చును. చేతి వణఁకును యంత్రము వడకట్టును. ఇరుకైన తావున ఇది గొప్ప సదుపాయము. కాని మా తండ్రిగారు చెప్పిన స్పర్శ ఆ యంత్రములందు చిరకాలము లేదు. వైద్యులు కంటితోనే యొత్తిడిని ఊహించుచుండిరి. 2024లో అనుమతి పొందిన క్రొత్త నమూనాలోఁగాని, ఒత్తిడిని చేతికి తెలుపు పనిముట్లు చేరలేదు.

దూరమునుండి చికిత్స చేయుట సాధ్యమా యని మీరడుగవచ్చును. సాధ్యమే. 2001 సెప్టెంబరు 7వ తేదీన జాక్ మారెస్కో అను ఫ్రెంచి వైద్యుఁడు న్యూయార్కులో కూర్చుండి, అట్లాంటిక్ మహాసముద్రమున కావల స్ట్రాస్‌బర్గ్ నగరముననున్న 68 యేండ్ల స్త్రీకి పిత్తాశయమును 54 నిమిషములలో తొలగించెను. చేయి కదల్చిన పిమ్మట దాని ఫలము కంటఁబడుటకు సుమారు 155 మిల్లీసెకనులు పట్టినది. అది యెంత? ఏఁబది మీటర్ల దూరమున చాకలి బండపై గుడ్డ కొట్టుట మనము చూచిన తరువాత, ఆ చప్పుడు మన చెవి చేరుటకు పట్టు కాలమంత. అంతవఱకు వైద్యుఁడు సర్దుకొనఁగలఁడు; ఆలస్యము పెరిగినకొలఁది కత్తి చేయుపనికిని కంటికిని పొత్తు చెడును. మన దేశమునను 2018 డిసెంబరులో తేజస్ పటేల్ అను వైద్యుఁడు గాంధీనగరమునుండి, సుమారు 32 కిలోమీటర్ల దూరమున అహమ్మదాబాదు ఆసుపత్రిలోనున్న రోగి గుండె రక్తనాళమున స్టెంటు నమర్చెను. రెండుచోట్లను రోగి ప్రక్కన వైద్యబృందము సిద్ధముగా నున్నది. తీఁగె తెగినను, విద్యుత్తు పోయినను, యంత్రము మొరాయించినను, పని యందుకొనుటకు చేతులు అక్కడ నుండవలెను. కావున యంత్రబాహువు వచ్చును గదా, మన మండలపు ఆసుపత్రికి వైద్యుఁడెందుకని యెవరైన ననినచో నమ్మవలదు.

ఇఁక మీరు నిర్ణయము చేయవలసిన ఘట్టము. ఈ యంత్రముల వెల కోట్ల రూపాయలు. ఆ భారములో కొంత రోగిపై పడును. ఆ వ్యయమునకు తగిన ఫలము కలదా? కొన్ని చికిత్సలలో కలదు, అన్నిటిలో లేదు. 2017లో వెలువడిన యొక పరీక్షలో, పది దేశములకు చెందిన 471 మంది పురీషనాళ క్యాన్సరు రోగులను పరిశీలించిరి. నడుమ కడుపు తెఱవవలసివచ్చు సందర్భములు, మామూలు లాపరోస్కోపు పద్ధతికంటె యంత్రపద్ధతిలో నిశ్చయముగా తగ్గునని రుజువు కాలేదు. 2018లో గర్భాశయముఖ క్యాన్సరును గుఱించిన మఱియొక పరీక్ష ఫలితములు వైద్యలోకమును ఉలికిపడఁజేసినవి. కడుపు తెఱచి చికిత్స చేసిన స్త్రీలలో నాలుగున్నర యేండ్లకు వ్యాధి తిరుగఁబెట్టక జీవించినవారు నూటికి 96.5, చిన్న రంధ్రములద్వారా, లాపరోస్కోపుతోనో యంత్రబాహువుతోనో, చేసినవారిలో నూటికి 86 మాత్రమే. కోఁత చిన్నదైనంత మాత్రమున మేలు పెద్దది కాదు. క్రొత్తదనమే గుణము కాదు. పాతదనమే దోషమును కాదు.

కొన్ని యేండ్ల క్రిందట మా పెదతండ్రిగారికి వీర్యగ్రంథిలో క్యాన్సరు కనఁబడినది. పట్టణములో నొక ఆసుపత్రికి తోడ్కొనిపోతిమి. యంత్రముతో చేయుదమని అక్కడి వైద్యుఁడు చెప్పఁగా, ఇంటివారమందఱము నాముఖము చూచితిరి; యంత్రములు చదివినవాఁడను నేనే కదా! నేను కీళ్ళను గుఱించియు మోటారులను గుఱించియు ఏమేమో యడిగితిని. పెదతండ్రిగారు నన్ను వారించి, తామొక్క ప్రశ్న వేసిరి: "అయ్యా, కోసేది అదా, మీరా?" వైద్యుఁడు ఆయనను ప్రక్కగదికి తీసికొనిపోయి, తాను కూర్చుండు పీఠమును, పిడులను చూపి, "నేనే కోస్తానండీ. నేను చెయ్యి తీస్తే అది కదలదు" అనెను. "అయితే సరే. నేను మనిషిని నమ్మి వచ్చాను" అని పెదతండ్రిగారు సమ్మతించిరి. నా ప్రశ్నలన్నియు ఆ యొక్క ప్రశ్నకు సరిరావని ఆనాఁడు తెలిసికొంటిని. చికిత్స చక్కగా ముగిసినది.

ఆ ప్రశ్నకు తోడుగా మఱి నాలుగు ప్రశ్నలు మీకు మనవి చేయుచున్నాను. నా వ్యాధికి యంత్రముతో చేయుట వలన కలుగు ప్రత్యేక లాభమేమి? ఇట్టి చికిత్సలు తాము స్వయముగా ఈ యంత్రముతో ఎన్ని చేసితిరి? నడుమ యంత్రము నిలిచినను, రక్తము హెచ్చుగా పోయినను, చేతితో ముగింపఁగలవారు గదిలో నుందురా? మామూలు పద్ధతికిని దీనికిని వ్యయమున భేదమెంత? ఈ నాలుగు ప్రశ్నలు వైద్యుని అవమానించుట కాదు. మంచి వైద్యుఁడు వీనికి కోపగింపఁడు. సమాధానము తృప్తికరముగా లేనిచో, రెండవ వైద్యుని యభిప్రాయము తీసికొనుటకు సంకోచింపకుఁడు. అత్యవసరమైన రోగమునకు మాత్రము ఇందువలన ఆలస్యము చేయవలదు.

మా తండ్రిగారి పట్టుకారు నేఁటికిని మా యింట నున్నది. దాని పిడి ఆయన యఱచేతి రాపిడికి నునుపెక్కినది. ఏబదియేండ్లు అది నిప్పును పట్టినది. ఒకనాఁడైనను తనంతట తానే పట్టలేదు. ఆయన చేసిన నాగటికఱ్ఱు వంకర పోయినచో రైతు మా వాకిటికి వచ్చి మా తండ్రిగారిని అడిగెనేగాని, పట్టుకారును నిందింపలేదు. బాంబు చెంతకు పోవు బాహువునకైనను, దేహములోనికి పోవు బాహువునకైనను ఈవలి కొనయందు పేరు చెప్పి, జవాబు చెప్పఁగల మనుష్యుఁడు నిలువవలెను. అతఁడెవరో అడిగి తెలిసికొనుట మన హక్కు.

సెలవు.